పాఠకుల వాహన సందేహాలు: ఇంజిన్ మార్చిన కారు, ట్రాక్ మీద బయటపడిన లోపాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు, ఇంజిన్ మార్చిన కార్లను రేసు ట్రాక్ మీద నడపడం గురించే ఉన్నాయి. ఒకదాని జవాబు మరొకదానికి పనికి వచ్చేట్టు ఉన్నందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికే ఈ శీర్షికను కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నా దగ్గరున్న పాత మారుతి ఎస్టీమ్ కారులోని 1298 సీసీ ఇంజిన్ తీసివేసి, అదే సంస్థ తయారుచేసిన పాత బెలెనో కారు 1590 సీసీ ఇంజిన్ పెట్టించాను. కారును కిందికి దించినందువల్ల గతుకులకు తగులుతోందని ఆయిల్ చాంబర్ అడుగును ఒక అంగుళం కోయించి వెల్డింగ్ చేయించాను. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు ప్రాక్టీసుకు తీసుకుపోతే మూడో చుట్టుకే టెంపరేచర్ ముల్లు పైకి పోయింది, ఐదో చుట్టులో బ్రేక్ పెడల్ నేలకు దిగిపోయింది. పొడవాటి మలుపులో ఆయిల్ దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోతోంది. ఇంత చేసినవాడివి టర్బో (ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టే పరికరం) కూడా పెట్టించు అని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీరు చివర్లో, అంత ముఖ్యం కాదన్నట్టుగా రాసిన ఆయిల్ దీపం సంగతే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఆ దీపం సరిపడా ప్రెషర్ లేనప్పుడు కాదు, ప్రెషర్ దాదాపు పూర్తిగా పడిపోయినప్పుడే వెలుగుతుంది. ఇంటి ముందు ఐడ్లింగ్‌లో వెలిగితే కొంత వ్యవధి ఉంటుంది గానీ, అయిదారు వేల ఆర్‌పీఎమ్ మీద, ఇంజిన్ పూర్తి బరువు లాగుతున్న వేళ క్షణం వెలిగినా బిగ్ ఎండ్ బేరింగుల (కనెక్టింగ్ రాడ్డు క్రాంక్ షాఫ్టును పట్టుకునే చోటి బేరింగుల) మీద ఆయిల్ పొర తెగిపోయిందనే అర్థం. కాబట్టి ఈ ఉత్తరం చదివిన తరువాత, కింద చెప్పిన పరీక్ష జరిగేదాకా, ఆ కారును ట్రాక్ మీదకు తీసుకుపోవద్దు.

కారణం ఊహించడం కష్టం కాదు. మలుపులో కారు మీద పనిచేసే పక్క బలం, భూమ్యాకర్షణలో 0.8 వంతు ఉన్నప్పుడు, చాంబర్‌లోని ఆయిల్ ఉపరితలం సుమారు 39 డిగ్రీలు వాలుతుంది. సమానమైతే 45 డిగ్రీలు. చెంబులో సగం నీళ్లు పోసి అంత ఒంచి చూడండి, అడుగున ఒక పక్క ఎలా తేలిపోతుందో తెలుస్తుంది. పొట్టి మలుపులో ఆయిల్ తిరిగి చేరుకునేలోపు పంపు గొట్టం ఒక్క గుటక గాలి పీల్చి ఊరుకుంటుంది గానీ, నాలుగైదు సెకన్లు సాగే మలుపులో గాలినే తోడుతుంది. ఇదంతా సంస్థవారు చేసిన చాంబర్‌లోనే జరుగుతుంది. మీరు అందులోంచి మరో అంగుళం లోతు తీసివేయించారు. లోతు తగ్గినప్పుడు పట్టే ఆయిల్ తగ్గడం ఒక నష్టమైతే, పీల్చే గొట్టానికీ అడుగుకూ మధ్య ఉండవలసిన సందు తారుమారు కావడం రెండో నష్టం. వెల్డింగ్ చేసినవారు గొట్టాన్ని కూడా అంతే కుదించారా, లేక అది అడుగుకు ఆనుకుని నోరు మూసుకుపోయిందా అన్నది చాంబర్ విప్పితేగాని తెలియదు.

మొదట ఆయిల్ ఫిల్టర్‌ను విప్పి, డబ్బా కోసి, లోపలి కాగితాన్ని మడతలు విప్పి ఎండలో చూడండి. హాక్సా బ్లేడుతో కోయకండి, ఆ రజనే పడి మిమ్మల్ని భయపెడుతుంది. గొట్టాలు కోసే చక్రపు కట్టర్ మేలు. కాగితం మీద తళతళలాడే పొట్టు కనిపిస్తే బేరింగులు మార్చవలసిందే. కనిపించకపోతే అదృష్టవంతులు. అప్పుడు అసలు లోతున్న చాంబర్‌నే తిరిగి పెట్టించి, లోపల గొట్టం చుట్టూ నాలుగు పక్కలా రేకు గోడలు కట్టించి, ఆయిల్ లోనికి వచ్చేందుకే తెరుచుకుని బయటికి పోనివ్వని చిన్న తలుపులు ఆ గోడలకు పెట్టించండి. లేత్ పని తెలిసినవారు ఒక రోజులో చేయగలరు. దీపాన్ని నమ్ముకోకుండా ప్రెషర్ గేజి ఒకటి కళ్ల ముందు అమర్చండి. కారు మరీ కిందికి ఉందనిపిస్తే స్ప్రింగులు మార్చండి; కారు ఎత్తు కోసం చాంబర్‌ను కోయడం, చెప్పు కరిచిందని పాదం చెక్కించుకోవడం వంటిది.

ఇక వేడి సంగతి. పెట్రోలులోని శక్తిలో ఇంచుమించు మూడో వంతు చక్రాలకు అందితే, అంతకు దగ్గరగానే రేడియేటర్ గుండా బయటికి పోవలసి ఉంటుంది. చిత్తూరు వీధుల్లో మీ ఇంజిన్ పదిహేను కిలోవాట్లు కూడా వాడదు. ట్రాక్ మీద నిడివైన తిన్నని దారిలో డెబ్బై దాకా లాగుతుంది. ఊళ్లో ఏనాడూ వేడెక్కని కారు మూడు చుట్లకే ఉడికిపోవడంలో వింత లేదు. పెద్ద రేడియేటర్ కొనే ముందు, ఉన్న రేడియేటర్‌లోకి గాలి వెళ్తోందా అని చూడండి. ముందు బంపర్ నుంచి వచ్చిన గాలికి రేడియేటర్ రేకుల గుండా దూరడం కంటే పక్కనున్న ఖాళీలోంచి జారిపోవడం సులభం. ఆ ఖాళీలన్నిటినీ అల్యూమినియం రేకుతోనూ స్పాంజితోనూ మూసివేస్తే, వందల రూపాయల ఖర్చుతో వేల రూపాయల రేడియేటర్ చేసే పనిలో చాలా భాగం జరిగిపోతుంది. ఆ వేగాల్లో ఫ్యాను వల్ల ఒరిగేది ఏమీ లేదు.

మీ మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం) తీసిపారేశారేమో అడిగి తెలుసుకోండి. ఎండలు మండే సీమలో అది ఎందుకని మన షెడ్లలో తీసివేయడం ఒక ఆచారమైపోయింది. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాకముందే అరిగిపోతుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని భ్రమపడి అదనపు పెట్రోలు పోస్తుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం కూడా మానండి. మన ప్రాంతపు నీటిలోని సున్నం లోపలి సన్నని గొట్టాలకు పేరుకుపోతుంది. డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా కాపాడే ద్రవం, మంచి రబ్బరు ఉన్న మూత ఉంటే చాలు. 0.9 బార్ ప్రెషర్ నిలిపే మూత ఉన్నప్పుడు నీరు 100 డిగ్రీల దగ్గర కాక సుమారు 118 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రబ్బరు పగిలిన మూత ఆ పద్దెనిమిది డిగ్రీలనూ మీ నుంచి లాగేసుకుంటుంది. ముల్లు ఒక్కసారిగా కిందికి పడితే సంతోషించకండి. నీళ్లన్నీ పోయి సెన్సార్ ఉత్త ఆవిరిలో నిలిచినప్పుడు కూడా అది అలాగే పడుతుంది.

బ్రేకుల విషయంలో మీరు రాసిన లక్షణం స్పష్టంగా ఉంది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు మాడినట్టు. పెడల్ మెత్తబడి నేలకు దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టినట్టు. మీది రెండోది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు గానీ, గాలిలోని తేమను పీల్చుకున్న కొద్దీ ఆ హద్దు దిగిపోయి, ప్రమాణం ప్రకారం తడి స్థితిలో 155 డిగ్రీలకు చేరుతుంది. పాత ఇంజిన్‌తో మలుపు దగ్గరికి గంటకు 110 కిలోమీటర్లతో వచ్చేవారు కొత్త ఇంజిన్‌తో 130తో వస్తే, బ్రేకులు మింగవలసిన శక్తి నలభై శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఇంజిన్ మార్చారు, బ్రేకులు పాతవే ఉంచారు. ప్రతి ట్రాక్ ప్రయాణానికి ముందు సీలు విప్పని డబ్బాలోని బ్రేక్ ఆయిల్ పోసి, బ్రేక్ గొట్టాల్లోని గాలి తీయించండి, ట్రాక్ పనికి తయారైన ప్యాడ్లు వేయించండి, ముందు చక్రాల డిస్కుల మధ్యభాగానికి బంపర్ నుంచి గాలి గొట్టాలు పెట్టించండి. చివరి చుట్టు బ్రేకు దాదాపు తొక్కకుండా నెమ్మదిగా తిరిగి రండి. ఆపిన తరువాత హ్యాండ్ బ్రేక్ లాగవద్దు, గేరులో వదిలి చక్రానికి రాయి అడ్డం పెట్టండి.

టర్బో గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వద్దు. పాత ఇంజిన్‌లో పిస్టన్ ప్రయాణం 75.5 మి.మీ., కొత్తదానిలో 90 మి.మీ. 7000 ఆర్‌పీఎమ్ వద్ద మొదటిదాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.6 మీటర్లయితే, రెండోదానిది 21 మీటర్లు. పాత ఇంజిన్‌ను గిర్రున తిప్పే అలవాటుతోనే దీన్నీ తిప్పితే కనెక్టింగ్ రాడ్లు ఓర్చుకోవు. 6500 వద్ద గేరు మార్చే అలవాటు చేసుకోండి. దీని బలం కింది ఆర్‌పీఎమ్‌లోనే ఉంది. ఆయిలూ నీళ్లూ బ్రేకులూ ఇరవై నిమిషాలు ఏకబిగిన నిలవని కారుకు టర్బో పెడితే, మూడో చుట్టులో వచ్చే బాధ మొదటి చుట్టులోనే వస్తుంది.

ప్రశ్న: ఇంజిన్ మార్చిన కారును ట్రాక్ దాకా హైవే మీద నడుపుకుంటూ పోవచ్చునా? నూరు కిలోమీటర్ల పైచిలుకే కదా. ట్రాక్‌కు వెళ్లే తీరిక లేని ఆదివారాల్లో భాకరాపేట ఘాట్‌లో పరీక్షించుకోవచ్చునా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండింటికీ కాదనే జవాబు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో సరిపోలాలి. ఈ నియమాన్ని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా నిలబెట్టింది. అనుమతించని మార్పు ఒక్కొక్కదానికి 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండవచ్చునని 2019 సవరణ చెబుతోంది. అదే రకం ఇంజిన్ వేసుకుని ఆర్‌టీఓ కార్యాలయంలో ముందుగా అనుమతి తీసుకుని నంబరు ఎక్కించుకోవడం వేరు, సీసీలే మారిపోయిన ఇంజిన్ వేరు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట చూసేది కూడా ఇదే. కారును ట్రాలీ మీద ఎక్కించి తీసుకువెళ్లండి. తిరుగు ప్రయాణంలో ఏదైనా విరిగినా ఇల్లు చేరే భరోసా ఉంటుంది. ఘాట్ రోడ్డు విషయంలో చట్టం దాకా కూడా వెళ్లనక్కరలేదు. మలుపు అవతల మామిడికాయల ట్రాక్టరు ఉందో ఆర్టీసీ బస్సు ఉందో మీకు తెలియదు, వారికి మీరు తెలియరు.

ప్రశ్న: నా కారుకు చెన్నైలో ట్యూనింగ్ చేసినవారు పూర్తి యాక్సిలరేటర్ మీద గాలి-పెట్రోలు మీటరు 12.9 చూపేట్టు సరిచేశారు. ఇప్పుడు బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు) వస్తోంది గనుక 11.9కి తేవాలని ఇక్కడి మిత్రుడు అంటున్నాడు. ఎవరి మాట నిజం?
- ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: మీ మిత్రుడి లెక్క సగం నిజం, అందుకే ప్రమాదకరం. స్వచ్ఛమైన పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన దానికి సుమారు 13.5 చాలు, ఎందుకంటే ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంది. అయితే పొగగొట్టంలోని సెన్సార్ ఆ పాళ్లను నేరుగా కొలవదు. మండిన తరువాత ఆక్సిజన్ మిగిలిందా, చాలకపోయిందా అన్న నిష్పత్తిని, అంటే లాంబ్డాను కొలుస్తుంది. మీటరు ఆ లాంబ్డాను 14.7తో గుణించి అంకె చూపుతుంది. 12.9 అంటే లాంబ్డా 0.88, ఇంధనం ఏదైనా టర్బో లేని ఇంజిన్‌కు అది తగిన స్థాయే. అదే మీటరును 11.9కి తెస్తే లాంబ్డా 0.81 అవుతుంది, అనవసరంగా పెట్రోలు పోసినట్టే. మీటరును లాంబ్డా చూపే పద్ధతికి మార్చుకుంటే ఈ వాదమే ఉండదు.

ఈ20 పోసిన తరువాత మీటరు 12.9 దగ్గరే ఉందా, 13.8కి ఎగబాకిందా అన్నది మాత్రం తప్పక చూడవలసిన విషయం. పాత పెట్రోలు మీద ట్యూనింగ్ జరిగి ఉంటే పైకి పోతుంది. అప్పుడు ఇంజెక్టర్ తెరిచి ఉంచే కాలాన్ని ఏడెనిమిది శాతం పెంచి మళ్లీ 12.9కే తేవాలి. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సార్ ఆ తేడాను దానంతటదే సర్దుకుంటుంది గానీ, పూర్తి యాక్సిలరేటర్ మీద ఈసీయూ రాసిపెట్టిన లెక్కనే నమ్ముతుంది. పాత రబ్బరు పెట్రోలు పైపులు కూడా మార్పించండి. నెలకోసారి బయటికి తీసే కారు ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకండి, ఇథనాల్ తేమను పీలుస్తుంది.

ప్రశ్న: తేలిక చేద్దామని వెనుక సీట్లు, స్టెప్నీ, మ్యాట్లు అన్నీ పీకేశాను. కారు చురుకైంది గానీ మలుపులో స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగడం లేదు, బయటికే పోతోంది. చక్రాల బరువు తూచే తక్కెడలు మా ఊళ్లో లేవు.
- ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: తక్కెడలు లేవని ఎందుకు అనుకుంటున్నారు? బెల్లం లారీలు, మామిడి లారీలు తూచే కాటా ఉందిగా. రద్దీ లేని పొద్దున కాటా మీదకు ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, కారు మొత్తం ఎక్కించి ఒకసారి తూకం వేయించండి. మొత్తంలోంచి ముందు బరువు తీసివేస్తే వెనుక ఇరుసు బరువు వస్తుంది. పది కిలోల తేడా ఉన్నా మన అవసరానికి చాలు. ఉదాహరణకు మొత్తం 900 కిలోల్లో ముందు 560 ఉంటే అది 62 శాతం. మీరు వెనుక నుంచే 50 కిలోలు తీశారనుకుంటే ముందుభాగం వాటా 66 శాతానికి దగ్గరవుతుంది. ముందు చక్రాలే లాగాలి, అవే తిరగాలి, ఎక్కువ బ్రేకు వాటి మీదే పడాలి. ఇంత పని నెత్తిన పెట్టి ఇంకా బరువు మోపితే టైర్లు ఒప్పుకోవు. బ్యాటరీని వెనుక డిక్కీలోకి, ఒక మూతపెట్టెలో గట్టిగా బిగించి మార్చండి. తేలిక చేయదలిస్తే ముందువైపు చేయండి.

తరువాత టైర్లను అడగండి. నాలుగైదు చుట్లు తిరిగి రాగానే ముందు టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడిని కొలిచి రాసుకోండి. గుచ్చి కొలిచే థర్మామీటరు మంచిది. అది లేకపోతే బొమ్మ తుపాకీలా ఉండే పరికరంతోనైనా, టైరు చల్లారేలోపు త్వరగా కొలవండి. బయటి అంచు బాగా వేడిగా ఉంటే చక్రం పైభాగం లోపలికి వాలేలా క్యాంబర్ పెంచాలి. మధ్యభాగం వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది. ఇంట్లో 30 డిగ్రీల వద్ద 30 పీఎస్‌ఐ పెట్టిన టైరు 70 డిగ్రీలకు చేరేసరికి సుమారు 36 అవుతుంది కాబట్టి, చల్లని టైరులో ఎంత పెట్టారన్నది కాక, ట్రాక్ నుంచి వచ్చిన నిమిషంలో ఎంత ఉందన్నదే రాసుకోవలసిన అంకె. క్యాంబర్, గాలి రెండూ ఒకే రోజు మార్చకండి. మొదట గాలి ఒక్కటే రెండేసి పీఎస్‌ఐ తగ్గిస్తూ చూసి, ఆ కొలతలతోనే అలైన్‌మెంట్ షెడ్డుకు వెళ్లండి.