ఇంకా విడుదల కాని రోల్‌ప్లేయింగ్ అడ్వెంచర్‌కు ముందే డబ్బు కట్టవచ్చా?

అనంతపురంలో మిత్రులు ఐదుగురు కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు ధరించి కథ నడిపే ఆట ఆడుతున్నామని, జనం దగ్గర ముందుగా సొమ్ము పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో ఇంకా విడుదల కాని ఒక అడ్వెంచర్ (ఆ ఆటలో నడపడానికి రాసిన కథా పుస్తకం) నచ్చిందని, దానికి ఇప్పుడే డబ్బు కట్టాలా లేక వచ్చాక కొనుక్కోవాలా అని మీరు అడిగారు. పీడీఎఫ్ 20 డాలర్లు, గట్టి అట్ట పుస్తకం 50 డాలర్లు అని కూడా రాశారు. నేను ఇదే ఊళ్లో, సాయినగర్‌లో, చాలా ఏళ్లుగా గేమ్ మాస్టర్‌గా, అంటే మిగతా ఆటగాళ్లకు కథ చెబుతూ, ఆట నడుపుతున్నాను. ఇటువంటి ప్రాజెక్టులు కొన్నింటికి డబ్బు కట్టాను, కొన్నింటిని చదివి వదిలేశాను. నా అభిప్రాయం ఇది: రచయిత రాతపని అప్పటికే పూర్తిచేసి ఉండాలి, అందులో కొంత భాగాన్ని ఉచితంగా చదవనివ్వాలి, ఆ భాగాన్ని మీ బృందం ఆడి చూసి ఇష్టపడాలి. ఈ మూడూ ఉంటే పీడీఎఫ్ వరకు కట్టండి. ఏ ఒక్కటి లేకపోయినా విడుదలయ్యే దాకా ఆగండి.

2009లో మొదలైన కిక్‌స్టార్టర్ అంగడి కాదన్న సంగతి ముందు మనసులో పెట్టుకోవాలి. గడువులోగా లక్ష్యం మేరకు సొమ్ము పోగైతేనే మన కార్డు నుంచి డబ్బు తీసుకుంటారు, లేకపోతే ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. సొమ్ము చేరాక మాట నిలబెట్టుకోవలసిన బాధ్యత ప్రాజెక్టు నడిపేవారిదే తప్ప కిక్‌స్టార్టర్‌ది కాదు, అది తన 5 శాతం రుసుము తీసుకుని పక్కకు తప్పుకుంటుంది. వార్టన్ స్కూల్ ఆచార్యుడు ఈథన్ మాలిక్ 2015లో వెలువరించిన సర్వేలో, సొమ్ము చేరిన ప్రాజెక్టులలో సుమారు 9 శాతం చెప్పిన వస్తువును ఇవ్వలేకపోయాయని తేలింది. డిజైన్, సాంకేతిక రంగాల ప్రాజెక్టుల మీద ఆయన 2014లో ప్రచురించిన పరిశోధనలో 75 శాతానికి పైగా చెప్పిన సమయం దాటాకే వస్తువును అందించాయని కనిపించింది. అదే 2015లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలా జనం దగ్గర సొమ్ము పోగుచేసే క్రౌడ్‌ఫండింగ్ మీద తన మొదటి కేసును ఒక బోర్డు గేమ్ ప్రాజెక్టు విషయంలోనే నడిపింది. 35,000 డాలర్లు అడిగిన వ్యక్తికి 1,246 మంది కలిసి 1,22,000 డాలర్లకు పైగా ఇచ్చారు. ఆట రాలేదు, ఆ సొమ్ములో ఎక్కువ భాగం ఇంటి అద్దె వంటి సొంత ఖర్చులకు పోయిందని కమిషన్ ఆరోపించింది. 1,11,000 డాలర్లకు పైగా చెల్లించాలన్న ఉత్తర్వును కూడా అతడికి చెల్లించే స్తోమత లేదన్న కారణంతో నిలిపివేశారు. ఆ దేశపు ప్రభుత్వ సంస్థ కదిలినా పరిస్థితి అదైతే, అనంతపురంలో కూర్చున్న మనం డబ్బు వెనక్కి రాబట్టుకోగలమని ఆశించలేము. పోయినా బాధపడని మొత్తమే కట్టాలి.

అందుకే నేను రాతపని పూర్తయిందా అన్న ప్రశ్న మీద అంత పట్టుబడతాను. మన జిల్లాలో చీనీ తోటను పిందె దశలో బేరమాడే వ్యాపారి చెట్ల పచ్చదనం చూసి ధర చెప్పడు, కాయ ఊరేందుకు ఇంకా నెలలు పడుతుంది కనుక బోరులో నీళ్లున్నాయా అని చూస్తాడు. ప్రాజెక్టు పేజీలోని రంగుల బొమ్మలు ఆ పచ్చదనం, రాతప్రతి ఆ నీళ్లు. డబ్బు దేనికి కావాలో రచయిత ఎలా చెబుతున్నాడో గమనించండి. రాయడం అయిపోయింది, కొన్ని బృందాలతో ఆడించి సరిచేశాం, ఇక బొమ్మలకు, పేజీల అమరికకు, అచ్చుకు డబ్బు కావాలి అంటే ఆ ప్రాజెక్టు చాలావరకు నడిచినట్టే. కథాసారాంశం, పటాలు, పేరున్న చిత్రకారుడు మాత్రమే కనిపించి, రాయడం ఎంతవరకు వచ్చిందో ఎక్కడా లేకపోతే పేజీలోనే మర్యాదగా అడగండి. సూటిగా జవాబు ఇవ్వనివారికి నేను డబ్బు కట్టను. లక్ష్యం దాటిన కొద్దీ కొత్త అధ్యాయాలు, అతిథి రచయితలు చేరుతాయని చెప్పే స్ట్రెచ్ గోల్స్ విషయంలోనూ జాగ్రత్త అవసరం, ఎందుకంటే అలా చేరిన ప్రతి పేరూ పుస్తకం ఎదురుచూడవలసిన మరొక రాతప్రతి. రచయిత పాత ప్రాజెక్టుల పేజీలు తెరిచి, డబ్బు కట్టినవారు రాసిన వ్యాఖ్యలు చదవండి. పాతది ఇంకా అందించకుండానే కొత్తది మొదలుపెట్టి ఉంటే ఆలోచించవలసిన పనే లేదు.

ఉచిత భాగం దొరికితే దాన్ని కళ్లతో చదివి ఊరుకోకండి, ఒక ఆదివారం ఆడండి. చదవడానికి అద్భుతంగా ఉన్న అడ్వెంచర్లు ఆడేటప్పుడు కాళ్లకు అడ్డుపడటం నేను చూశాను. మీరు కూడా మాలాగే తెలుగులో ఆట నడుపుతుంటే ఇది మరీ ముఖ్యం. ఆటగాళ్లకు చదివి వినిపించమంటూ పేరాల కొద్దీ అలంకారమైన ఇంగ్లీషు వర్ణన ఇచ్చే పుస్తకంతో మాకు ఎప్పుడూ ఇబ్బందే, దాన్ని అప్పటికప్పుడు తెలుగులో చెప్పబోతే ఆట వేగం పడిపోతుంది. గదిలో ఏముంది, ఎవరున్నారు, వాళ్లకు ఏం కావాలి, ఆటగాళ్లు ఏం చేస్తే ఏం మారుతుంది అన్న నాలుగు ముక్కలు పొందికగా ఇచ్చే పుస్తకమైతే, మిగతా మాటలు మన నోటి నుంచే వస్తాయి. అలా రాసిన ఒక శిథిల దుర్గం కథను నేను గుత్తి కోట మీదికి మార్చి, కొండ మీది బావులను, ఒకదాని వెనుక ఒకటిగా ఉండే ద్వారాలను వాడుకుని నడిపాను. మా బృందం ఇప్పటికీ తలుచుకునే ఆటలలో అది ఒకటి. ఉచిత భాగం చదివేటప్పుడు ఈ కథను మన నేల మీదికి తేగలనా అని గేమ్ మాస్టర్ తనను తాను అడగాలి. ఆటగాళ్లు రచయిత ఊహించని దారి పట్టినప్పుడు పుస్తకం ఏమైనా సాయం చేస్తోందా అన్నది కూడా ఆ ఒక్క పూటలోనే బయటపడుతుంది.

ప్రాజెక్టు పేజీలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ ఎడిషన్‌కు సరిపోతుందని మాత్రమే రాసి ఉంటే, 2014 నియమాలకా లేక 2024లో సవరించిన నియమాలకా అని కూడా అడగండి. రెండూ కలిపి ఆడవచ్చు కానీ శత్రువుల బలాబలాలు సరిచూసుకునే శ్రమ మీ మీద పడుతుంది.

ఇక ఖర్చు. 50 డాలర్ల పుస్తకం మన చేతికి 50 డాలర్లకు రాదు. తపాలా ఖర్చును చాలామంది నెలల తరువాత, పుస్తకం పంపే ముందు వసూలు చేస్తారు, భారతదేశానికి ఒక్కోసారి అది పుస్తకం ధరకు దగ్గరగా ఉంటుంది. దిగుమతి అయ్యే అచ్చు పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం కస్టమ్స్ సుంకం విధించారు. పాచికలు, ఆటలో వాడే చిన్న ప్రతిమలు కూడా పెట్టెలో చేర్చితే వాటి లెక్క వేరుగా ఉంటుంది. విదేశీ మారకం మీద బ్యాంకు రుసుము, ఆ రుసుము మీద జీఎస్టీ ఉండనే ఉన్నాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2020 అక్టోబరు నుంచి కార్డులో అంతర్జాతీయ చెల్లింపులను మనమే అనుమతించుకోవాలి. గడువు ముగిసినప్పుడు చెల్లింపు విఫలమైతే సరిచేసుకోవడానికి కిక్‌స్టార్టర్ ఏడు రోజులు ఇస్తుంది కనుక ఆ వారం మెయిల్ చూస్తూ ఉండండి.

పీడీఎఫ్ చాలని నేను అనడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. మేము కలిసి డబ్బు వేసుకుని తెప్పించిన ఒక గట్టి అట్ట పుస్తకం చెప్పిన తేదీకి బాగా ఆలస్యంగా వచ్చింది, అప్పటికి బృందంలో ముగ్గురు ఉద్యోగాలకు బెంగళూరు వెళ్లిపోయారు. చదువు చివర్లో ఉన్న బృందాలకు మన ఊళ్లో ఇది తప్పని పరిస్థితి, కాబట్టి మీ ఐదుగురూ మరో ఏడాది పాటు కలిసి కూర్చోగలరా అని నిజాయతీగా మాట్లాడుకోండి. అచ్చు ప్రతి కంటే పీడీఎఫ్ సాధారణంగా ముందే చేతికొస్తుంది. మిగిలిన 30 డాలర్లతో తయారుగా ఉన్న అడ్వెంచర్లు డ్రైవ్‌త్రూఆర్‌పీజీ వంటి వెబ్‌సైట్లలో ఈ రోజే దొరుకుతాయి.

ఇంత చెప్పినా, ముందే డబ్బు కట్టడం వృథా అని నేను అనను. పెద్ద ప్రచురణకర్త పుస్తకం మన 20 డాలర్లు లేకపోయినా వస్తుంది, దాన్ని విడుదలయ్యాక సమీక్షలు చదివి కొనుక్కోవచ్చు. ఒంటరిగా రాసుకునే చిన్న రచయితకు మాత్రం ఆ వంద, రెండు వందల మంది లేకపోతే చిత్రకారుడికి, సంపాదకుడికి ఇవ్వడానికి డబ్బే ఉండదు, ఆ కథ ఏ బృందం ముందుకూ చేరదు. మీకు నచ్చినది అటువంటి రచయితదై, నేను పైన చెప్పిన మూడూ ఉంటే, సందేహించకుండా కట్టండి. అలాంటి వారికి ఇచ్చిన డబ్బు నాకు ఎప్పుడూ సంతోషాన్నే ఇచ్చింది.

ఇప్పటికి ప్రాజెక్టు పేజీలో గుర్తుచేయమని కోరే మీట నొక్కి ఉంచండి, గడువుకు 48 గంటల ముందు మెయిల్ వస్తుంది. ఈ లోపల ఉచిత భాగాన్ని ఆడి చూసి నిర్ణయించుకోండి. ముందే కట్టినా గడువు లోపల రద్దు చేసుకోవచ్చు, కాకపోతే చివరి 24 గంటలలో మీ రద్దు వల్ల మొత్తం లక్ష్యం కంటే తగ్గిపోయేటట్టయితే అందుకు అనుమతించరు.