పెట్టల గంపలో పుంజు తేలితే

పెరటి కోళ్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బోడుప్పల్‌లో మా ఇంటి వెనక చిన్న గూట్లో ఆరు గ్రామప్రియ కోళ్లు పెంచుతున్నాం. అన్నీ పెట్టలేనని అమ్మినాయన చెప్పారు. ఇప్పుడు పద్నాలుగో వారం. ఒకదానికి జుట్టు ఎర్రగా పెరిగింది. నిన్న తెల్లవారుజామున గొంతు సవరించుకుని కూయబోయింది. పుంజు లేకపోతే గుడ్లు పెట్టవని అత్తయ్య అంటున్నారు. ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

జవాబు: ముందు అది పుంజేనని తేల్చుకోండి. జుట్టొక్కటే చూసి చెప్పలేం. గుడ్డుకొచ్చే ముందు పెట్ట జుట్టు కూడా ఎర్రబడుతుంది. కోడిని పట్టుకుని, తోక మొదట్లో నడుము మీది ఈకలు చూడండి. పెట్టకైతే కొసలు గుండ్రంగా ఉంటాయి. పుంజుకైతే సన్నగా, మొనదేలి, మెరుస్తూ రెండు పక్కలకూ జారుతుంటాయి. పన్నెండు వారాలు దాటాక ఈ గుర్తు తప్పడం అరుదు. అమ్మినాయన్ను తిట్టుకోకండి. ఇలాంటి రకాల్లో ఒక రోజు వయసు పిల్లల్ని చాలాచోట్ల ఆడా మగా వేరుచేయకుండానే అమ్ముతారు. ఆరింట్లో ఒక్కటే పుంజు వచ్చిందంటే నయమే.

గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజుతో పనిలేదు. వయసు, మేత, పగటి వెలుతురు సరిపోతే చాలు. గుడ్డు పిల్ల కావాలంటేనే పుంజు కావాలి. పుంజు కలిసిన గుడ్డుకు బలం ఎక్కువన్నదీ ఒట్టి మాటే.

మీ ఇంటికైతే ఆ పుంజు వద్దనే మా సలహా. ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలుండాలి. మీకున్నవి ఐదు. అందులోనూ అది తనకు నచ్చిన ఒకటి రెండింటినే పదేపదే తొక్కుతుంది. వాటి వీపు మీద ఈకలూడి తోలు బయటపడుతుంది. గోళ్లు గీసుకున్న చోట ఈగలు వాలి పుండవుతుంది. గుడ్లూ తగ్గుతాయి.

ఎండాకాలం సంగతి చాలామందికి తట్టదు. పుంజు కలిసిన గుడ్డులో 20-21 డిగ్రీలు దాటితే చాలు, పిండం మెల్లగా కదలడం మొదలుపెడుతుంది. మే నెలలో రేకుల గూట్లో రెండు మూడు రోజులు వదిలేసిన గుడ్డు కొడితే నెత్తుటి గీతలు కనబడొచ్చు. పుంజు కలవని గుడ్డుకు ఆ బెడద లేదు. పుంజును ఉంచేవాళ్లు రోజుకు రెండుసార్లు గుడ్లేరి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

పోనీ పిల్లలు చేయిద్దామంటే, గ్రామప్రియ పెట్టలు సాధారణంగా పొదుగుకు రావు. పైగా అది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన సంకర రకం. మీ పెట్ట, మీ పుంజు కలిసి పుట్టే పిల్లలకు తల్లిలా గుడ్లు పెట్టే గుణం నిలకడగా రాదు.

ఇక కూత. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు. పుంజు అలారం మోగేదీ ఆ గంటల్లోనే! చీకటి పెట్టెలో పడుకోబెడితే కూత కాస్త ఆలస్యమవుతుందే గానీ ఆగదు. కూత ఆపాలని మెడకు పట్టీ మాత్రం కట్టకండి. కోడి ఎండను తట్టుకునేది నోరు తెరిచి రొప్పే కదా.

కూరకైతే ఐదారు నెలల లోపే పంపండి, తర్వాత మాంసం గట్టిపడుతుంది. పెంచుకునేవాళ్లకిస్తే కొక్కెర తెగులు టీకాలు (మొదటి వారంలో లసోటా, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ) ఏ తేదీల్లో వేయించారో రాసివ్వండి.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. తొమ్మిది నాటు పెట్టలున్నాయి, రెండు పొదుగుతాయి. వాటితోపాటు ఒకే పొదుగులో పుట్టిన ఒకటి పుంజుగా తేలింది. ఉంచమంటారా?

జవాబు: పుంజును ఉంచండి, కానీ దీన్ని కాదు. తోబుట్టువులను కలిపితే పిల్లలు బలహీనంగా పుడతాయి, తరం తరానికీ గుడ్లు తక్కువ పొదుగుతాయి. వేరే ఊళ్లో ఇదే వయసు పుంజుతో మార్పిడి చేసుకోండి. వచ్చినదాన్ని మూడు వారాలు దూరంగా వేరే గంప కింద ఉంచి, తుమ్ము, పచ్చ విరేచనం, పేలు లేవని చూశాకే మందలో కలపండి. చీకటి పడ్డాక దండెం మీద కూర్చోబెడితే పొద్దున కొట్లాట తగ్గుతుంది. ఇప్పుడున్న పుంజు పోయాక కూడా పెట్ట కడుపులో దాని బీజం రెండు మూడు వారాలుంటుంది. అందుకే పొదుగుడుకు గుడ్లు నాలుగో వారం నుంచి ఏరండి.

ఒక్కో పెట్ట కింద పది, పన్నెండు గుడ్లకు మించొద్దు. వారం దాటి నిల్వ ఉన్నవి వద్దు. ఏడో రాత్రి సెల్ లైట్ మీద గుడ్డు పెట్టి చూడండి. సాలెగూడులా నరాలు కనిపించనివి తీసేయండి, లేకపోతే మురిగి పగిలి మిగతావాటినీ పాడుచేస్తాయి.

మేత దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. గుడ్లకోళ్ల దాణాలో సున్నం (కాల్షియం) మూడున్నర, నాలుగు శాతం ఉంటుంది. నెలల తరబడి తింటే పుంజు మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందరికీ ఎదిగే కోళ్ల దాణానే వేసి, గుల్ల పొడి వేరే చిప్పలో పెట్టండి. పెట్టలు తమకు కావలసినంత తింటాయి, పుంజు దాదాపు ముట్టదు.

సంక్రాంతి ముందు ఎవరైనా ఈ పుంజుకు లేనిపోని ధర చెబితే అది కూరకు కాదు, బరికి. 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం పందెం నేరం.

ప్రశ్న: ఏడు నెలల పుంజు మా నాలుగేళ్ల పాప మీదికి ఎగురుతోంది. కాలి ముళ్లు కోసేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. కాలి ముల్లు లోపల ఎముక, నెత్తురు ఉంటాయి. కొస ఒక్కటి ఆకురాయితో గుండ్రం చేయొచ్చు, మొదలుకంటా కోయకూడదు. పెద్దవాళ్ల మీదికొస్తే తన్నకండి, పరుగెత్తకండి. రెండూ దానికి పందెమే. నిలబడి, నెమ్మదిగా పట్టుకుని చంకలో పెట్టుకుని పది నిమిషాలు తిప్పండి. రెండు వారాలు రోజూ ఇలా చేస్తే కొన్ని దారికొస్తాయి. పాప విషయంలో మాత్రం ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు. నాలుగేళ్ల పిల్ల కళ్లు సరిగ్గా ముల్లు అందే ఎత్తులో ఉంటాయి. ఈరోజే గూడు వేరుచేసి, ఆ పుంజును ఇల్లు దాటించండి. దాని వంశాన్నీ పొదిగించకండి, పొగరు కూడా పిల్లలకొస్తుంది.