వేసవిలో ఉప్పు, వానల్లో బాక్టీరియా: ఒకే పంపుకు వచ్చిన రెండు నివేదికల్లో ఏది నమ్మాలి?

కోనసీమ తీర మండలంలోని మీ ఊరి చేతిపంపు నీటిని మే నెలలో పరీక్ష చేయిస్తే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) బాగా ఎక్కువగా ఉందని, బాక్టీరియా మాత్రం లేదని వచ్చిందనీ, నవంబరులో అదే పంపు నీటిలో ఉప్పదనం సగానికి తగ్గినా కోలిఫాం (మురుగు కలిసిందేమోనని సూచించే బాక్టీరియా) కనిపించిందనీ, ఈ రెండింటిలో ఏది నమ్మాలనీ అడిగారు. రెండూ నమ్మదగినవే. గోదావరి జిల్లాల్లో తాగునీటి ప్రయోగశాలలో చాలా ఏళ్లు నమూనాలు పరీక్షించిన అనుభవంతో చెబుతున్నాను: మన డెల్టాలో నీటి నివేదికను, నమూనా తీసిన నాటికి ముందు పడిన వాన లెక్కతో కలిపి చదివితేనే దానికి అర్థం తెలుస్తుంది.

ముందు మీ పంపు సంగతి చూద్దాం. తీరంలోని ఇసుక నేలల కింద వాన నీరు తేలికైనది కనుక ఉప్పునీటి మీద ఒక పొరగా నిలుస్తుంది. వేసవిలో తోటలకూ చెరువులకూ మోటార్లు ఆపకుండా తోడుతుంటే ఆ మంచినీటి పొర పలచబడి, అడుగునున్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. మే నెల నివేదికలో మీరు చూసింది అదే. తొలకరి మొదలుకొని కార్తీకం వరకు పడిన వానలు ఆ పొరను మళ్లీ నింపుతాయి, ఉప్పదనం తగ్గుతుంది. కానీ ఆ వానలకే భూగర్భ జలం దాదాపు నేల మట్టానికి వచ్చి, మరుగుదొడ్ల గుంతల అడుగును తాకుతుంది. గుంతకూ పంపుకూ మధ్య పొడి ఇసుక ఉన్నంత కాలం అది వడపోతలా పనిచేస్తుంది. ఆ ఇసుక తడిసి నీటితో నిండిపోయాక సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. పంపు చుట్టూ ఉన్న చప్టా పగిలి ఉంటే అంత దూరం కూడా అక్కర లేదు, వాకిట్లో నిలిచిన నీరే బీటల గుండా గొట్టం వెంట దిగిపోతుంది. ఒకే వాన ఒక దోషాన్ని తగ్గించి ఇంకొక దోషాన్ని పెంచిందన్నమాట. ఈ రెండు దోషాలను సమానంగా చూడకండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, మరో నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతి ఉంది. కోలిఫాంలలో మలం నుంచి వచ్చే రకమైన ఈ.కోలై విషయంలో అలాంటి సడలింపు ఏదీ లేదు, 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా కనిపించకూడదు.

ఇంతవరకూ చెప్పింది మన నెత్తిన పడే వాన గురించి. డెల్టాకు ఇంకో వాన కూడా ఉంది, అది మన దగ్గర పడదు. గోదావరి పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పొంగితే కోనసీమలో ఎండ కాస్తున్నా కాలువల్లో ఎర్రనీరు వస్తుంది. భద్రాచలం దగ్గర మట్టం పెరిగిందన్న వార్త విన్న మరునాటికో, ఆ పై రోజుకో ధవళేశ్వరం బ్యారేజీకి ఆ నీరు చేరుతుంది. 2022 జులైలో భద్రాచలం వద్ద మట్టం 71 అడుగులు దాటినప్పుడు లంక గ్రామాల బావులూ పంపులూ మునిగిపోయాయి. అలా మునిగిన పంపు నీటిని, వరద తీశాక ఎంత తేటగా కనిపించినా సరే, క్లోరినేషన్ చేసి మళ్లీ పరీక్షించే దాకా తాగకూడదు.

ఎర్రనీటిలో అసలు చిక్కు రంగు కాదు, ఆ బురద క్లోరిన్‌ను తినేయడం. మట్టి రేణువుల చాటున సూక్ష్మజీవులు దాక్కుంటాయి, సేంద్రియ పదార్థం క్లోరిన్‌ను ఖర్చు చేసేస్తుంది. అందుకే మామూలు రోజుల్లో వేసే మోతాదే వేస్తే కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండవలసిన అవశేష (ఖర్చుకాగా మిగిలిన) క్లోరిన్ కనిపించదు. పటికతో మడ్డిని దింపి, ఫిల్టరు దాటించి, ఆ తరువాతే క్లోరిన్ కలపాలి. మన పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపి ఎర్రనీటిని తేర్చేవారు. మడ్డి దిగడానికి అది మంచి ఉపాయమే గాని, తేరిన నీటిని కాచుకోవడం మానకూడదు.

వేసవిలో కాలువలు కట్టేసి, జూన్‌లో మళ్లీ వదిలినప్పుడు వచ్చే తొలి నీటి గురించి కూడా చెప్పాలి. ఆ మధ్య కాలంలో కాలువ గర్భంలో పేరుకున్న చెత్తా, జంతు కళేబరాలూ, ఊళ్ల మురుగూ ఆ నీటి ముందు భాగంలో కొట్టుకొస్తాయి. దాన్ని మంచినీటి చెరువులోకి ఎక్కించకుండా కొద్ది రోజులు పోనివ్వడం మంచిది. చెరువు అడుగంటిందన్న తొందరలో తూము ఎత్తేసిన ఊళ్ల నుంచి మాకు వచ్చిన నమూనాలు చూసి నాకు చాలా బాధ కలిగేది, ఎందుకంటే ఆ నీరు తాగేది చిన్నపిల్లలు కూడా.

మురుగు కాలువల సంగతి వేరు. అక్టోబరు, నవంబరు నెలల్లో అల్పపీడనం పట్టి ముసురు పడితే, పొలాల నుంచీ చేపల, రొయ్యల చెరువుల నుంచీ పొర్లిన నీరంతా యనమదుర్రు, కౌశిక వంటి డ్రెయిన్లలోకే చేరుతుంది. అదే సమయంలో సముద్రం పోటు మీద ఉంటే నీరు దిగక వెనక్కి ఎగదన్నుతుంది. సేంద్రియ వ్యర్థం ఎక్కువ, ఎండ లేదు, పైన గుర్రపుడెక్క పరుచుకుని ఉంటుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుగుకు పడిపోతుంది. అదే నమూనాను మధ్యాహ్నం తీస్తే అంకె బాగా ఉన్నట్టు కనబడుతుంది. కాబట్టి తేదీతో పాటు గంట కూడా రాయాలి, నదీముఖాల దగ్గరైతే పోటా పాటా అన్నది కూడా రాయాలి. ఇంకొక మాట: వరదలో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అన్న అంకె తగ్గినంత మాత్రాన కాలుష్యం తగ్గినట్టు కాదు. ఆ అంకెను ప్రవాహంతో గుణిస్తే, సముద్రంలోకి పోయే కాలుష్యం మొత్తం మీద వేసవిలో కంటే ఎన్నో రెట్లు ఉండవచ్చు. నెలకొకసారి నిర్ణీత తేదీన తీసే నమూనాలు ఏళ్ల తరబడి వచ్చే మార్పును చూడడానికి అవసరమే, కానీ రెండు తేదీల మధ్య కురిసిన పెద్ద వాన వాటికి చిక్కదు. అందుకే వాన వెలిసిన మరునాడు అదనంగా ఒక నమూనా తీయాలని నేను గట్టిగా చెబుతాను.

వాన లెక్క రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. వాతావరణ శాఖ ఉదయం 8.30కు కొలిచే అంకె అంతకు ముందు 24 గంటలది. 12వ తేదీ పేరున ఉన్న వానలో ఎక్కువ భాగం 11వ తేదీన పడినదే కావచ్చు.

బాక్టీరియా నమూనాకు పంపును నాలుగైదు నిమిషాలు కొట్టి, మూతిని స్పిరిట్ దూది మంటతో కాల్చి, స్టెరైల్ సీసా మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టి, ఐసు పెట్టెలో అదే రోజు ప్రయోగశాలకు చేర్చండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీరైతే సీసాలో ముందే క్లోరిన్‌ను విరిచేసే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి, లేకపోతే దారిలో కూడా క్లోరిన్ పనిచేస్తూ ఉండి ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా వస్తుంది. తొలి అంచనాకైతే, పంచాయతీలో ఉండే హెచ్‌టూఎస్ సీసాను (మలకాలుష్యాన్ని రంగు మార్పుతో సూచించే పరీక్ష సీసా) గీత వరకు నింపి ఉంచినా సరిపోతుంది. నల్లబడితే మలకాలుష్యం ఉందని అనుమానించాలి. చలి రోజుల్లో పూర్తిగా 48 గంటలు ఆగి చూడండి.

మీ పంపు విషయానికొస్తే, ఉప్పదనానికి మే నెలలోనూ, బాక్టీరియాకు తొలకరిలో ఒకసారి, నవంబరు ముసురు తరువాత ఒకసారీ పరీక్ష చేయించండి. ఈ లోగా చప్టా బీటలు సిమెంటుతో పూడ్పించి, వాడిన నీరు దూరంగా పోయేలా కాలువ తీయించండి, మరుగుదొడ్డి గుంత ఎంత దూరంలో ఉందో కొలిచి పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వండి. వరుసగా రెండు వానాకాలపు పరీక్షల్లో కోలిఫాం లేదని తేలే వరకు తాగే నీటిని కాచి చల్లార్చుకోండి.