యుద్ధం నవల రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. 1944లో మణిపూర్‌లోని ఇంఫాల్ దగ్గర జపాన్ సేనతో జరిగిన పోరు బాగా రాశావు, తుపాకుల పేర్లతో సహా. కానీ నీ సిపాయికి ఊళ్లో ఇల్లు ఉందన్న సంగతి నూరు పేజీల దాకా నీకు గుర్తు రాలేదు. అతనికి మాత్రం రోజూ గుర్తొచ్చి ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లవాళ్ల కింద ఉన్న మన సైన్యం 2 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. బలవంతపు భర్తీ లేదు, అందరూ ఇష్టపడి చేరినవాళ్లేనని చెబుతారు. నువ్వూ ఆ మాటే రాసి దాటేశావు. ఇంట్లో అప్పు, నెల తిరిగితే వచ్చే జీతం, పూటకింత తిండి, ఇవి కూడా మనుషుల్ని భర్తీ ఆఫీసుకు నడిపించాయి. అతన్ని వీరుణ్ని చేయకు, తెల్లవాడి బంటునీ చేయకు. క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. అలాంటి రోజుల్లో ఒకే ఇంట్లో ఒకడు ఖాకీలో, ఒకడు జైల్లో ఉండటం వింతేమీ కాదు.

ఇక ఊరు. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. దానికి నువ్వు ఇరవై పేజీలు ఇచ్చావు, రెండు చాలు. అంతకు నెల ముందు బర్మాలోని రంగూన్ జపాన్ చేతికి చిక్కింది చూడు, అక్కడ ఆగు. రంగూన్ రేవులో మూటలు మోసిన గోదావరి, విశాఖ జిల్లాల కూలీలు ఎందరో అడవుల్లో నడుచుకుంటూ అస్సాం వైపు వచ్చారు. దారిలోనే పోయినవాళ్లకు లెక్క లేదు. బర్మా బియ్యం ఆగిపోయాయి. ఇక్కడ యుద్ధానికి పెట్టిన ఖర్చులో తన వాటాను బ్రిటన్ మనకు బాకీగా లండన్‌లో పౌండ్ల పద్దు రాసుకుంది, ఆ పద్దు చూపించి ఇక్కడ నోట్లు అచ్చేశారు. ధరలు రెండింతలు దాటాయి. రాగి ఆదా చేయడానికి 1943లో కానీ నాణేనికి మధ్యలో చిల్లు పెట్టారు. అదే ఏడు బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చచ్చిపోయారు. కిరసనాయిలు, గుడ్డ, అన్నిటికీ కటకటే.

యుద్ధరంగం ఒక అధ్యాయం, ఊరు ఒక అధ్యాయం అంటూ జడ అల్లినట్టు అల్లకు. రెండింటినీ ఉత్తరాలతో కలుపు. సెన్సారు వాళ్లు చదివి పంపేవాళ్లు కాబట్టి తానెక్కడ ఉన్నదీ సిపాయి రాయలేడు. గట్టు తగాదా తీరిందా, మనియార్డరు అందిందా అని అడుగుతాడు. ఇంటి ధరల గురించి సిపాయిలు పడే టెన్షన్ సెన్సారు నివేదికల్లోకీ ఎక్కింది. ఆ ఉత్తరం వారాల తరబడి ఆలస్యంగా చేరనీ. అతను పంపే సొమ్ము మారదు, దాంతో వచ్చే గింజలే తగ్గుతుంటాయి. అతను ఇంకా పాత ధరతోనే లెక్క వేసుకుంటుంటాడు. ఇంట్లోవాళ్లు నిజం రాయాలా వద్దా అని తేల్చుకోలేక, పోస్ట్‌మ్యాన్‌కు ఉత్త చేతులు చూపిస్తారు. నీ కథ అక్కడుంది.

జనరల్ ఉపన్యాసం ఇచ్చే ఐదో అధ్యాయం మొత్తం తీసెయ్. సిపాయి తల్లికి చదువు రాదన్నావు కదా, మరి ఉత్తరం ఎవరు చదివి పెడతారు? ఆ మనిషిని ముందు రాసి పంపు.