ఆ చివరి వాక్యం సంగతి

అమ్మాయ్,

టెన్నిస్ ఆటగాడు రామనాథన్ కృష్ణన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాబాయ్ అని పిలిచావు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి: 1954లో వింబుల్డన్ జూనియర్ టైటిల్, 1960లోనూ 61లోనూ సెమీఫైనల్స్, 1966లో దేశాల జట్లు తలపడే డేవిస్ కప్ ఫైనల్. కానీ చదువుతుంటే పెళ్లిలో చదివింపుల పద్దు విన్నట్టుంది.

మొదటి పేచీ ‘ఔత్సాహిక క్రీడాకారుడు’ అన్న మాటతో. అది వినగానే సాయంత్రం క్లబ్బులో సరదాగా రాకెట్ పట్టే ఆఫీసరుగారు కళ్లముందుకొస్తాడు. ఆ రోజుల్లో ఔత్సాహికుడు, అంటే అమెచ్యూర్, అన్నది సరదా కాదు, షరతు. డబ్బుకి ఆడితే వింబుల్డన్‌కీ డేవిస్ కప్‌కీ దూరం కావాల్సిందే. 1959లో జాక్ క్రామర్ తన ప్రొఫెషనల్ బృందంలోకి రమ్మని, మూడేళ్లకు లక్షన్నర డాలర్లు ఇస్తానన్నా కృష్ణన్ వెళ్లలేదు. నువ్వు దాన్ని ‘మహాత్యాగం’ అని తేల్చేశావు. ఆ మాట కొట్టెయ్. ఆయన ఆ డబ్బు తీసుకుని ఉంటే 1966లో మనల్ని డేవిస్ కప్ ఫైనల్‌కి చేర్చిన కలకత్తా గెలుపు ఉండేది కాదని రాయి, చాలు.

ఆ కలకత్తా మ్యాచ్‌కేమో రెండే లైన్లు! సౌత్ క్లబ్ గడ్డి కోర్టు, బ్రెజిల్‌తో మ్యాచ్‌లు 2-2 సమం, తేల్చాల్సింది ఆఖరి సింగిల్స్. అవతల ఎడమచేతి వాటం థామజ్ కోష్. కృష్ణన్ అప్పటికే రెండు సెట్లు పోగొట్టుకుని ఒక్కటే గెలిచాడు, నాలుగో సెట్‌లో 2-5. ఇంకొక్క గేమ్ పోతే ఇంటికే. అక్కడి నుంచి 7-5, ఐదో సెట్ 6-2. ఆయన సర్వీస్‌లో ఎన్నడూ పెద్ద జోరు లేదు. బంతిని ఎక్కడ దించాలో తెలిసిన చెయ్యి అది. ఇక్కడ నిలబడి తీరిగ్గా రాయాలి నువ్వు.

ఇక అసలు గొడవ నీ చివరి వాక్యం. ‘అనంతరం శిక్షకుడిగా సేవలందించారు.’ సేవలందించడానికి ఆయనేమైనా బ్యాంకా? నాకు కావాల్సిన కథంతా దాని కిందే ఉంది. కృష్ణన్‌కి ఆట నేర్పింది తండ్రి టి.కె. రామనాథన్. కృష్ణన్ కొడుకు రమేశ్‌కీ ఆ తాత పాఠాలు అందాయి. తండ్రి గెలిచిన 25 ఏళ్లకి, 1979లో, రమేశ్ అదే వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచాడు. అదే మెత్తటి చెయ్యి, అదే జోరు లేని సర్వీస్! తర్వాత తండ్రీకొడుకులు కలిసి చెన్నైలో టెన్నిస్ కేంద్రం పెట్టారు. తెలిసిన ఆటనే నేర్పుతామా, తమకి లేనిది కూడా నేర్పగలమా? ఈ ప్రశ్న పట్టుకుంటే నీ వ్యాసం కదులుతుంది.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. కొత్తలో ఒక ముసలి కోచ్ దగ్గరికి వెళ్లి రెండు గంటలు కప్పుల గురించే అడిగాను. ఆయన చూపు మాత్రం కోర్టు మీదే. మధ్యలో ‘ఉండండి’ అని లేచి, జేబులోంచి సుద్దముక్క తీసి, బేస్‌లైన్ వెనక ఒక పిల్లాడి కాలి దగ్గర గీత గీశాడు. వాడి పాదం అటు తిప్పి పెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఆ రెండు నిమిషాలూ ఇంటర్వ్యూకి అడ్డం అనుకుని పెన్ను మూసేశాను. ఇంటికొచ్చి రాయబోతే ఆ గీత తప్ప ఏమీ గుర్తులేదు. అదేమో నోట్సులో లేదు. కప్పుల జాబితానే అచ్చయింది.

మీ ఊళ్లో కోర్టు ఉందన్నావు కదా, నాలుగు రోజులు పొద్దున్నే ఆరింటికి వెళ్లి కూర్చో. ఎవర్నీ ఏమీ అడక్కు. కోచ్ ఎక్కడ నిలబడతాడు, బంతుల బుట్ట ఎటు పెట్టుకుంటాడు, ఏ పిల్లని పేరు పెట్టి పిలుస్తాడు, ఇవి చూసుకో. అప్పుడు ఆ వాక్యాన్ని మళ్లీ రాసి పంపు. మిగతా వ్యాసం జోలికి ఇప్పుడే పోవద్దు.

నీ బాబాయ్