ఆ హీట్ మ్యాప్ కాసేపు పక్కన పెట్టు

అమ్మాయీ,

నీళ్లు పెట్టిన వరి మొక్కల్లో, ఎండబెట్టినవాటిలో ఏ జీన్ ఎంత పనిచేస్తోందో రంగుల్లో చూపిస్తూ నువ్వు పంపిన హీట్ మ్యాప్ చూశాను. వేల జీన్లు, అన్నీ ఎరుపూ నీలం గళ్లు, అది చూసి టెన్షన్ పడకపోతేనే ఆశ్చర్యం. ముందు దాన్ని మూసేసి ఒక్క జీన్ పట్టుకో, నన్నడిగితే పండ్ల ఈగలోని ఈవెన్-స్కిప్‌డ్. ముద్దుగా ఈవ్ అంటారు.

గుడ్డు పెట్టిన సుమారు 3 గంటలకి, అర మిల్లీమీటరు పొడవుండే పిండంలో ఈవ్ 7 చారలుగా పనిచేస్తూ కనిపిస్తుంది. అంత పొందికగా ఉంటే ఒకే ఆదేశం ఏడుసార్లు నడిచిందనుకుంటాం, కానీ డీఎన్ఏలో కొన్ని చారలకు సొంత స్విచ్ ఉంది, కొన్ని జంటగా ఒక స్విచ్ పంచుకుంటాయి. ఈ స్విచ్‌లే ఎన్‌హాన్సర్లు. రెండో చారనే చూడు. దాన్ని ఆన్ చేసేవి బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రోటీన్లు. అవి పిండం ముందు సగంలో పరుచుకుని ఉంటాయి, మరి చార అంత సన్నగా ఎందుకొచ్చింది? తలవైపు జయంట్, తోకవైపు క్రుప్పెల్ అనే ప్రోటీన్లు అడ్డుకుంటున్నాయి కనక! 1990ల మొదట్లో శాస్త్రవేత్త మైకేల్ లెవైన్ బృందం ఆ ఎన్‌హాన్సర్‌లో జయంట్ అతుక్కునే చోట్లను చెడగొడితే చార తలవైపు పాకింది. నీ నోట్సులో మాత్రం 'పెరిగినవి' తప్ప ఇంకో జాబితా లేదు. ఆపుతున్నదెవరో కూడా వెతుకు.

ఇప్పుడు నీ వరి ఆకుల సంగతి. అదే పిండాన్ని నూరి ఆర్ఎన్ఏ (పనిచేస్తున్న జీన్ల నకళ్లు) తీస్తే ఈవ్‌కి ఒక అంకె వస్తుంది, చారలన్నీ అందులో మాయం. నువ్వూ ఆకు మొత్తం నూరావు. ఒక జీన్ రెండింతలైందంటే అన్ని కణాల్లో రెట్టింపైందో, ఆకు ఈనెల దగ్గర కొన్ని కణాల్లోనే విపరీతంగా పెరిగిందో ఆ అంకె చెప్పదు. కావలసిన రెండు మూడు జీన్లకైనా ఇన్ సిటు (ఆర్ఎన్ఏ ఏ కణాల్లో ఉందో ఆకులోనే చూపే పద్ధతి) చేసి చూడాల్సిందే.

రంగుల్ని నమ్మకు. నీ మ్యాప్‌లో ప్రతి వరుసనీ దాని సగటుతో పోల్చి రంగేశారు, కాబట్టి 10 రీడ్లున్న (యంత్రం చదివిన ఆర్ఎన్ఏ ముక్కలు పదే ఉన్న) జీనూ 10 వేలున్న జీనూ ఒకేలా ఎర్రగా మెరుస్తాయి. అసలు కౌంట్లు, అంటే ఆ రీడ్ల లెక్కలు, తెరువు. ఆర్ఎన్ఏ పెరిగితే ప్రోటీన్ కూడా అంతే పెరుగుతుందని లేదు, అది వేరే ప్రయోగం.

అన్నట్టు, నీళ్లు పెట్టిన మొక్కల ఆకులు పొద్దున్న, ఎండబెట్టినవాటివి మధ్యాహ్నం కోశావా? మొక్కల్లో చాలా జీన్లు రోజులో వేళని బట్టి పెరిగి తగ్గుతాయి, అలా కోసుంటే నువ్వు చూస్తున్నది కరువు కాదు, గడియారం. కోసిన వేళలూ, మ్యాప్‌లో పైన ఉన్న ఐదు జీన్ల కౌంట్లూ ఈ రాత్రికి పంపు, ఆదివారం కూర్చుని చూద్దాం.

మీ బాబాయి