కొత్త టీచరమ్మకు అత్తయ్య ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ గొంతు విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. మిర్చి యార్డు అవతల బడి, ఒకటీ రెండూ తరగతులు కలిపి ఒకే గది, 38 మంది పిల్లలు, మధ్యాహ్నానికల్లా గది సంతలా తయారవుతోందన్నావు. 2009 నాటి విద్యా హక్కు చట్టం లెక్కన ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరు ఉండాలి. రెండో టీచరు కోసం హెచ్‌ఎం గారి చేత పైకి రాయించు. ఆ మనిషి వచ్చేదాకా మాత్రం గది నీదే.

పిల్లలు మాట వినడం లేదన్నావు. నాకలా అనిపించలేదమ్మా. రేపు ఒక పని చెయ్యి. ‘టీచర్, పలక’, ‘టీచర్, ముల్లు విరిగింది’, ‘టీచర్, నా పుస్తకం’ అంటూ నీ దగ్గరికి ఎన్నిసార్లు వస్తారో గీతలు పెట్టుకో. వాళ్ళు అడిగిన వస్తువులన్నీ వాళ్ళ చేతికందే చోట ఉంటే ఆ గీతల్లో సగం ఉండవు.

ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అనే కేంద్ర ప్రభుత్వ పథకం మొదలయ్యాక బళ్ళకు పటాలు, లెక్కల పెట్టెలు, సైన్సు పెట్టెలు వచ్చాయి. మా బడికీ వచ్చాయి. ఏదైనా పోతే జీతంలో కోస్తారేమోనన్న భయంతో అన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండు వానాకాలాల తర్వాత తీస్తే పటాలకు చెద పట్టింది. అప్పటికి ఒక్క పిల్లయినా ఆ పెట్టెలు ముట్టుకోలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నీ బీరువా తలుపు తీసే ఉంచు. కింది రెండు అరలూ పిల్లలకు వదిలెయ్యి.

అరల మీద చీటీలు అంటించు. ఒకటో తరగతికి చదవడం రాదు కాబట్టి పలక బొమ్మ గీసి, దాని కింద ‘పలక’ అని రాయి. సంక్రాంతి తర్వాత బొమ్మ తీసేసినా పలక పెట్టే చోటు మారదు. ఈలోపు ఆ మాట వాళ్ళకు వచ్చేసి ఉంటుంది.

పెన్సిళ్ళకు రెండు డబ్బాలు చాలు, చెక్కినవాటికొకటి, ముల్లు విరిగినవాటికొకటి. విరిగినది వేసి మంచిది తీసుకోవాలి. పాఠం మధ్యలో ఎవరూ చెక్కకూడదు. సాయంత్రం ఇద్దరు కూర్చుని అన్నీ చెక్కేస్తారు.

నోటు పుస్తకాల దగ్గరే నీ టైమంతా పోతోంది. వరుసకో రంగు టేపు కొని అట్ట అంచున అంటించు. ఎర్ర వరుస పుస్తకాలు ఎర్ర వరుస పిల్లే పంచుతుంది, తనే పోగేసి తెస్తుంది. దిద్దాల్సిన పేజీ దగ్గర తెరిచి ఒకదాని మీద ఒకటి పెట్టమను. మూసిన పుస్తకాల్లో పేజీ వెతుక్కోవడంలోనే నాకు రోజూ ఒక పీరియడు పోయేది. దిద్దాల్సినవి ఒక టబ్బులో, దిద్దినవి ఇంకో టబ్బులో ఉండాలి.

మూడో టబ్బు రాని పిల్లలది. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తల్లులు మిర్చి కోతలకు, తొడిమలు తీసే పనికి పోతారు. చిన్నవాళ్ళను చూసుకోవడానికి నీ రెండో తరగతి పిల్ల ఇంట్లో ఆగిపోతుంది. ఆ రోజు ఇచ్చిన కాగితం మీద ఆ పిల్ల పేరు రాసి టబ్బులో వెయ్యి. వారం తర్వాత వచ్చినప్పుడు తన పేరుతో కాగితాలు కనిపిస్తే, టీచరు నన్ను మరిచిపోలేదు అనుకుంటుంది. అలాంటి పిల్ల మర్నాడు కూడా వస్తుంది, నేను చూశాను.

చెప్పులకు వరండాలో సుద్దతో గీత గియ్యి. నీళ్ళ సీసాలు కిటికీ గట్టు మీద పెట్టించు, బల్ల మీద వద్దు. యార్డులో ఖాళీ టిక్కీలు, అంటే మిర్చి నింపే సంచులు, చవగ్గా దొరుకుతాయని పిల్లల కింద పరవడానికి తేకు. ఎంత ఉతికినా ఆ ఘాటు పోదు, పసివాళ్ళ కళ్ళు మండుతాయి.

పనుల చార్టు రాసి వారం వారం పేర్లు మార్చు. చురుకైన పిల్లలకే పుస్తకాలు పంచే పని, ఆడపిల్లలకే చీపురు అయిపోతుంది మనం గమనించకపోతే. ఊడ్చే పని ఎప్పుడూ ఏ ఇళ్ళ పిల్లలకు పడుతోందో కూడా కళ్ళు తెరిచి చూసుకో. ఈ ఒక్క విషయంలో ఎవరేమన్నా తగ్గకు. చీపురు అందరి చేతికీ రావాలి, నీ చేతికి కూడా.

ఇంటి గంటకు ఐదు నిమిషాల ముందే పాఠం ఆపెయ్యి. ఒకటి నుంచి వంద దాకా అందరూ గట్టిగా లెక్కపెడుతూ సర్దాలి. మొదటి వారం వంద చాలదు, మళ్ళీ మొదలుపెట్టించు. కోప్పడకు.

ఆదివారం ఇంటికి రా. టేపులు, టబ్బులు పట్నంబజారులో తీసుకుందాం. మూతలున్న బిస్కెట్ డబ్బాలు నా దగ్గర పదకొండు ఉన్నాయి. వానాకాలం చాక్‌పీసులు చెమ్మగిల్లకుండా రెండు వాటికి ఉంచు, మిగతావి పెన్సిళ్ళకూ రంగులకూ సరిపోతాయి. వచ్చేటప్పుడు పెద్ద సంచి తెచ్చుకో.

మీ అత్తయ్య